ఎడమ తలుపు మీద మచ్చ

జనవరి 11

బావగారికి నమస్కారాలు.

మొన్న ఫోన్లో నేను గొంతు చించుకుని అరిచిన ఒక్క ముక్కా మీకు వినబడలేదు. మీరు మామూలుగా మాట్లాడిందేమో మా వీధి మొత్తానికి వినబడింది. కార్లకి రంగులు కొట్టే షెడ్డులో, కంప్రెసర్ మోత పక్కన జీవితమంతా గడిపిన మీ చెవుల్ని ఇప్పుడు తప్పుపట్టి లాభం లేదు. అందుకని, కొత్తగా వియ్యంకులమైన మనిద్దరం ఇక ఉత్తరాలు రాసుకుందాం. ఈ కాలంలో ఉత్తరాలేమిటని మా ఆవిడ నవ్వుతోంది. నవ్వనివ్వండి.

పెళ్ళిమాటలకి మీ ఇంటికి వచ్చినప్పుడు మావాళ్ళంతా గదులూ కిటికీలూ చూస్తుంటే నేను మీ ముందుగదిలో అద్దాల బీరువా దగ్గర ఆగిపోయాను, గుర్తుందా? జానెడు పొడవున్న స్పోర్ట్స్ కార్లు, నిజం కార్లని పద్దెనిమిదో వంతుకి కుదించి లోహంతో పోతపోసినవి, వరసగా నిలబడి ఉన్నాయి. మీరు వెనకనుంచి వచ్చి "ముట్టుకోకండి" అనబోయి, నేను పెళ్ళికూతురి తండ్రినని గుర్తొచ్చి "ముట్టుకోండి, ముట్టుకోండి" అన్నారు. మా ఇంట్లో వీటిని బొమ్మలంటారు. మీరు "బొమ్మలు కావండీ" అన్నారు. ఈ సంబంధం ఖాయమని నాకప్పుడే అనిపించింది.

దీంతోపాటు పార్సిల్లో ఒకటి పంపిస్తున్నాను. రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు, కొత్త కంపెనీవాళ్ళు చేసింది. నాది కళ్ళజోళ్ళ షాపు కాబట్టి భూతద్దం పెట్టి చూశాను. స్పీడు ముల్లు కింద అంకెలు కూడా చదవొచ్చు. బ్రేకు పళ్ళేలకి చిల్లులున్నాయి. నాకు ఒక్క లోపమూ దొరకలేదు, అందుకే అనుమానంగా ఉంది. కంటికి అందనివి చేతికి తెలుస్తాయంటారు. మేం పంపినదాంట్లో లోటుపాట్లేమైనా ఉంటే మొహమాటపడకుండా రాయండి.

మా అమ్మాయి ఎలా ఉందని అడగను. రోజూ తనే ఫోన్ చేస్తుంది. "బాగున్నాను నాన్నా" అని చెప్పి వాళ్ళమ్మకి ఇమ్మంటుంది. కొత్త కళ్ళజోడు పెట్టుకున్న ప్రతివాడూ ముందు "బాగానే కనిపిస్తోందండీ" అనే అంటాడు. రెండోరోజు తలనొప్పని వస్తాడు. ఆ వృత్తిలో ఉన్నవాణ్ణి కాబట్టి "బాగుంది" అన్న మాటంటే నాకు అంత గురి లేదు. అంతకుమించి ఏమీ లేదు.

చెల్లెమ్మగారికి నమస్కారాలు, అల్లుడికి ఆశీస్సులు.

మీ
కళ్ళద్దాల బావ


జనవరి 24

బావగారూ,

మొహమాటం వద్దన్నారు కాబట్టి రాస్తున్నా. తర్వాత మళ్ళీ మనసులో పెట్టుకోకూడదు.

మీ ఇంటినుంచి వచ్చినరోజు అందరం చుట్టూ చేరి మురిసిపోయాం. ఆ రంగూ, ఆ నిగనిగా, ఆ నడుం ఒంపూ, వంకపెట్టడానికి లేదు. మా ఆవిడైతే దిష్టి తగులుతుందంది. నాలుగు రోజులు పోయాక అసలు సంగతి బయటపడింది. పైన పటారం, లోన లొటారం! ఒంట్లో బరువు లేదు. కదిపితే లోపల ఏదో గలగలమంటోంది. నోరు తెరిస్తే ఓ పట్టాన మూతపడదు, మూస్తే మళ్ళీ తెరిపించడం నా తరం కాలేదు. ఒక చెవి కాస్త కిందికి వాలింది. నిలబెడితే ఓ పక్కకి ఒరుగుతోంది. "పుట్టింటివాళ్ళు చూసుకుని పంపొద్దూ?" అని మా ఆవిడ ఒకటే సణుగుడు. తిప్పి పంపించేద్దామా అన్నాడు మావాడు. ఇంతదూరం వచ్చినదాన్ని తిప్పి పంపడం ఏం మర్యాదరా అని నేనే కేకలేశాను. మనమే సర్దుకుపోవాలి అన్నాను.

(కాగితం వెనక)

అలా ఒరగడానికి కారణం ముందు కుడి చక్రం. ఇరుసులో సరిగ్గా కూర్చోలేదు. చెవి అంటే పక్క అద్దం. దానికో చుక్క జిగురు చాలు. నోరు అంటే మీకు తెలిసిందే, ఇంజన్ మీది బానెట్టు. షెడ్డులో మేం అలాగే అంటాం. పుట్టిల్లంటే ఫ్యాక్టరీ, మా ఆవిడ భాషలో.

వివరాలు మాత్రం మీరన్నట్టే, కళ్ళు తిరిగిపోయేలా చేశాడు. సీటుబెల్టు నిజం బట్ట. కింద కార్పెట్టు నూగు కూడా ఉంది. కానీ దీన్నొక్కదాన్నే చూసి తీర్పు చెప్పలేను. ఇదే కారు పాత కంపెనీవాడిది మీ దగ్గర ఉందని పెళ్ళిమాటలప్పుడు అన్నారు కదా, పంపితే పక్కపక్కన పెట్టి చెబుతాను.

అమ్మాయి సంగతి మీరు అడగనన్నారు, నేనూ చెప్పను.

మీ
రంగుల బావ


జనవరి 31

అయ్యా,

మీ ఉత్తరం అందింది. మా ఆవిడ పైకి చదివింది. సగంలోనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మిగతాది నేను చదివాను.

మా పిల్లని మేం ఎలా పెంచామో మాకు తెలుసు. గట్టిగా నవ్వుతుంది, పొద్దెక్కి లేస్తుంది, అది ఒప్పుకుంటాను. లోన లొటారం అనిపించుకునే పెంపకం మాత్రం కాదు. సర్దుకుపోవాల్సిన అవసరం మీకు లేదు. వచ్చే ఆదివారం మేమే వచ్చి తీసుకొస్తాం.

ఇట్లు,
(సంతకం)


ఫిబ్రవరి 1

బావగారూ, బావగారూ,

నిన్నటి ఉత్తరం పోస్టులో పడేసిన గంటకి మా ఆవిడ అమ్మాయికి ఫోన్ చేసింది. "ఏమైందే తల్లీ?" అని ఏడుపు. అవతల పిల్ల ముందు కంగారుపడి, తర్వాత సంగతి విని, ఒకటే నవ్వు. "మామయ్య కారు గురించి రాశారమ్మా. ఆయన కాగితానికి రెండువైపులా రాస్తారు. తిప్పండి!" అంది. తిప్పాం. ముందు కుడి చక్రం కనబడింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. ఆడపిల్లని పంపించిన ఇంట్లో చెవులకి పదును ఎక్కువ, బుద్ధికి తక్కువ. క్షమించండి. ఆ ఉత్తరం అందితే చింపి పారేయండి. ముఖ్యంగా చెల్లెమ్మగారి కంట పడనివ్వకండి.

తప్పు కాయించుకోవడానికి ఒట్టి మాటలు చాలవు కాబట్టి పాత కంపెనీ కారుని ఈ ఉత్తరంతోనే పంపిస్తున్నాను. ఇది నా షాపులోంచి ఎప్పుడూ బయటికి వెళ్ళలేదు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టండి. ఎవడి పనితనం ఎంతో తేల్చండి. పాతదాని ఎడమ తలుపు మీద ఒక మచ్చ ఉంది, అది మీ కంట పడకుండా ఉండదు. తొందరేమీ లేదు, తీరిగ్గా సరిచూసి పంపండి.

(కాగితం వెనక)

మీ పద్ధతి నేర్చుకుని నేనూ వెనకవైపు రాస్తున్నాను. ఆ మచ్చ కథ చెప్పాలి.

అమ్మాయికి అప్పుడు ఐదేళ్ళుంటాయేమో. ఒకరోజు షాపులో కారు తలుపు మీద రంగు గింజంత పెచ్చు లేచింది. నేను కస్టమరుకి ఫ్రేము బిగిస్తూ చూసుకోలేదు. తిరిగి చూసేసరికి ఈవిడగారు వాళ్ళమ్మ గోళ్ళరంగు సీసా తెచ్చి, ఆ చోట పూసి, బుగ్గలు పొంగించి ఊదుతోంది. "కారుకి దెబ్బ తగిలింది నాన్నా, మందు రాశాను" అంది. ఎర్రకారు మీద గులాబీరంగు బొట్టు! కొట్టబోయిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ మచ్చ ఇవాళ్టికీ అలాగే ఉంది.

పెళ్ళయ్యాక తనవన్నీ సర్దుకుని వెళ్ళింది. గది ఖాళీ అయింది. ఇక్కడ మిగిలిన తన చేతిగుర్తు అదొక్కటే. ఎన్నో ఏళ్ళుగా పొద్దున్నే షాపు తలుపులు తీసి, బీరువాలో ఆ మచ్చ చూసి, ఆ తర్వాతే దీపం వేస్తాను. అది లేకుండా ఇన్ని రోజులు ఎలాగా అనుకున్నాను కూడా. నిన్న రాసిన రాతకి ఇదే నా జరిమానా అనుకుని పంపిస్తున్నాను. ఎత్తేటప్పుడు తలుపు దగ్గర పట్టుకోకండి, పైకప్పు పట్టుకోండి.

మీ
బుద్ధి వచ్చిన బావ


ఫిబ్రవరి 20

బావగారూ,

మీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు చేరాయి. నా అదృష్టం కొద్దీ రెండోది ముందు తెరిచాను. మొదటిదాన్ని మీ అమ్మాయి లాక్కుని, మీలాగే ముక్కు మీద కళ్ళజోడు పెట్టుకుని, "అయ్యా, మీ ఉత్తరం అందింది" అని ఇంటిల్లిపాదికీ చదివి వినిపించింది. మా ఆవిడ నవ్వలేక పక్కమీద వాలిపోయింది. కాబట్టి చెల్లెమ్మగారి కంట పడకూడదన్న మీ కోరిక తీరలేదు. ఇక పట్టింపులేమీ లేవు. ఇకమీదట నేనూ మీలాగే ఒకవైపే రాస్తాను, ఏ గొడవా ఉండదు.

ఇక తీర్పు. రెండు కార్లనీ షెడ్డులో పనిబల్ల మీద, పగటి వెలుగులో పెట్టాను. దీపం కింద రంగు చూసేవాడు పెయింటరు కాడు.

కొత్తదానికి చక్రాల చువ్వలు విడివిడి తీగలు. పాతదానికి ప్లాస్టిక్ అచ్చు. కొత్తదాని ఇంజన్లో వైర్లు కూడా లాగాడు, పాతదాంట్లో నల్లముద్ద ఒకటి కూర్చోబెట్టి ఇదే ఇంజన్ అనుకోమన్నాడు. పాతదాని ముందు దీపాల అద్దాల నడుమ, వాటిని బిగించిన మేకు కనబడుతోంది, కంట్లో నలుసులాగా. ఇంతవరకూ కొత్తవాడే గెలిచాడు. ఇప్పుడు వేలు పెట్టి చూడండి. కొత్తవాడి రంగు మందం. ఒంపుల్లో పేరుకుపోయి, వెనక అక్షరాల సగం మింగేసింది. ఏటవాలుగా చూస్తే పైపొర నారింజ తొక్కలాగా గుంటలు గుంటలు. పాతవాడు పల్చగా కొట్టాడు, అంచులన్నీ పదునుగా నిలబడ్డాయి. ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా నడుం మీద ఒక గీత పోతుంది చూడండి. కొత్తదాంట్లో తలుపు దగ్గర ఆ గీత తెగి, వెంట్రుకవాసి కిందికి దిగి మళ్ళీ మొదలవుతుంది. పాతదాంట్లో తెగదు. పాతవాడు అసలు కారు చుట్టూ ప్రదక్షిణ చేసి చూశాడు బావగారూ. కొత్తవాడు ఫోటో చూసి చేశాడు. కొత్తదాంట్లో వివరం ఎక్కువ, పాతదాంట్లో పోలిక ఎక్కువ. నాకైతే పాతదే కావాలి.

అసలు కబురు ఇప్పుడు చెబుతాను. ఎడమ తలుపు మచ్చ మీరు చెప్పినట్టే సరిచేశాను! మీ అక్షరాలు చీమలు పాకినట్టు ఉంటాయి గానీ "తీరిగ్గా సరిచేసి పంపండి" అన్న ముక్క మాత్రం తెలిసింది. ఏ పని వచ్చినా దాని కాగితం బల్లకి ఎదురుగా గోడకి అంటించుకోవడం మా అలవాటు. మీ ఉత్తరాన్నీ అలాగే నాలుగు మూలలా టేపు వేసి అంటించుకున్నాను. ఎవరు పూశారో గానీ అది గోళ్ళరంగు. థిన్నరు పెట్టి తుడిస్తే పొర మీద పొర ఊడింది, ఒక్కోటి ఒక్కో రంగు. కింద పెచ్చు లేచినచోట లప్పం పెట్టి, ఎమరీ కాగితంతో నీళ్ళు పెట్టి రుద్ది, ఆ ఎరుపు కోసం మూడుసార్లు రంగు కలిపాను. ఒక పెద్దమనిషి నిజం కారు షెడ్డు బయట ఎండలో నిలబడి నన్ను తిట్టుకుంటోంది. తిట్టుకోనీ. ఇప్పుడు రెండు తలుపుల్లో ఏది బాగుచేసిందో మీ భూతద్దం కూడా చెప్పలేదు. చెప్పగలిగితే నా షెడ్డు మీ పేర రాసేస్తా.

రెండూ కలిపి పంపిస్తున్నా. చూడగానే మీ మొహం ఎలా వెలిగిపోతుందో చూసే భాగ్యం లేదు, అదొక్కటే లోటు.

మీ
రంగుల బావ


మార్చి 9

బావగారికి నమస్కారాలు.

కార్లు రెండూ క్షేమంగా చేరాయి. పనితనం గొప్పది. భూతద్దం పెట్టి చూశాను, మీరన్నట్టే ఏమీ కనబడలేదు.

వెంటనే జవాబు రాయలేదని అనుకోకండి. మూడు నాలుగుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. మచ్చ సంగతంతా రాసి పంపాక కూడా మీరు దాన్ని తుడిచేశారంటే ఊరికే చేసి ఉండరు. అనుభవం ఉన్నవారు. ఒకింటికి పంపించిన పిల్ల గుర్తులు పట్టుకుని వేలాడకూడదు, అది ఇప్పుడు మా మనిషి అని చెప్పకుండా చెప్పారు. మీరు చెప్పింది న్యాయమే కావచ్చు. నాకు రుచించకపోవడం నా బలహీనత.

కారుని షాపులోంచి తీసి ఇంట్లో పెట్టెలో పెట్టాను. బీరువాలో ఆ చోట కొత్త ఫ్రేములు సర్దాను. కార్ల మీద ముందున్నంత ఇష్టం ఇప్పుడు లేదు, వయసు కాబోలు. మీరు శ్రమ తీసుకున్నందుకు కృతజ్ఞుణ్ణి.

అందరినీ అడిగానని చెప్పండి.

మీ
బావ


మార్చి 17

బావగారూ,

ఏం రాశారండీ మీరు! నాలుగుసార్లు చదివినా తలాతోకా తెలియలేదు. మచ్చ సంగతంతా ఎప్పుడు రాశారు? పిల్ల గుర్తులేమిటి? వేలాడటమేమిటి? ఉత్తరం మీ అమ్మాయి చేతికిచ్చి "మీ నాన్న ఏమంటున్నాడో నువ్వే చెప్పమ్మా" అన్నాను. చదివింది. చెప్పులేసుకుని షెడ్డుకి నడిచింది, వెనకే నేను.

గోడ మీద మీ ఉత్తరం అలాగే ఉంది. మందుసీసాల మీద అతికించే చీటీలు తయారుచేసే ఉద్యోగం కదా తనది, టేపు మూలన గోరు దూర్చి, ఎక్కడా చిరగకుండా ఊడదీసింది. తిప్పింది. నిలబడే చదివింది. తర్వాత ఒక రంగుడబ్బా మీద కూర్చుని మళ్ళీ చదివింది. "నాన్న ఇంకా అది ఉంచారా" అంది. ఆ మాట నాకు వినబడలేదు, పెదవులు చూసి తెలుసుకున్నాను. ఆ తర్వాత మాత్రం వినబడింది బావగారూ. ఎంత తిట్టు తిట్టిందనుకున్నారు! "ఊరందరికీ కాగితం తిప్పి చదవమని నేర్పిన మనిషి, మీకు తిప్పడం చాతకాలేదా మామయ్యా? గోడకి అంటించుకుంటారా? ఎవరైనా ఉత్తరాన్ని గోడకి అంటించుకుంటారా?" అని. పనివాళ్ళందరూ పని ఆపి చూస్తున్నారు. "సరిచూసి" అన్నదాన్ని "సరిచేసి" అని చదివినందుకు ఇంకో విడత.

మీరు రాసింది నేను చదివి ఉంటే ఆ తలుపు మీద ఊపిరి కూడా తగలనిచ్చేవాణ్ణి కాదు. పోయింది పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం. నాకు రెండు పూటలా అన్నం సయించలేదు. తప్పు నాది. అబద్ధం చెప్పి ఓదార్చడం నాకు రాదు.

అయితే రెండు సంగతులు రాయాలి.

మొదటిది. అమ్మాయి "బాగున్నాను" అనే మాట మీద మీకున్న అనుమానమే నాకూ ఉండేది. ఈ పిల్ల మా ఇంటికి వచ్చినప్పటినుంచీ "అలాగే మామయ్యా", "సరే అత్తయ్యా". మీ ఉత్తరం చదివి అందరినీ నవ్వించిన పూట కూడా, నవ్వు ఆగగానే లేచి గ్లాసులు కడిగి బోర్లించింది, చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలాగా. మా ఆవిడా నేనూ లోపల్లోపల బాధపడేవాళ్ళం. మొన్న పదిమందిలో నన్ను కడిగేసింది. ఇంటికొచ్చాక వాళ్ళత్తయ్యతో నామీద చాడీలు కూడా చెప్పింది. నా కడుపు నిండిపోయింది. పరాయివాళ్ళని ఎవరూ అలా తిట్టరు. మీరు అడగనన్నారు, నేను చెప్పనన్నాను. ఇప్పుడు చెబుతున్నాను. మీ అమ్మాయి బాగుంది.

రెండోది మా పనికి సంబంధించినది. ఆ మచ్చ పొరలు పొరలుగా ఊడిందని రాశానా? అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు కూర్చుని గుర్తు చేసుకున్నాను. అన్నిటికంటే అడుగున గులాబీరంగు, గింజంత, అడ్డదిడ్డంగా పూసింది. దాంట్లో సగం ఎప్పుడో రాలిపోయింది. దాని మీద ఒక పొర, దాని మీద ఇంకోటి, ఇంకోటి. ఒకటి కాస్త ముదురు, ఒకటి కాస్త నారింజ. అన్నీ అడుగుదాని అంచు దాటకుండా, సన్నగా, జాగ్రత్తగా వేసినవి. అది పిల్లల చెయ్యి కాదు. గోళ్ళరంగు లోహం మీద అన్నేళ్ళు నిలిచేది కాదు బావగారూ, నా మాట నమ్మండి. ఏడాది తిరిగేసరికి పెచ్చులు లేస్తుంది. అమ్మాయిని అడిగాను, "ఎన్నిసార్లు పూశావమ్మా?" అని. "ఒక్కసారే మామయ్యా" అంది.

మీరు పూయలేదని మీ ఉత్తరమే చెబుతోంది. మరి ఆ బీరువా తాళం ఇంకెవరి దగ్గర ఉంటుంది?

మీ
తిట్లు తిన్న బావ


మార్చి 28

బావగారూ,

ముందు నేను క్షమాపణ చెప్పుకోవాలి. తిప్పి చూడక మొదటిసారి మిమ్మల్ని అపార్థం చేసుకున్నాను. మీరు తిప్పి చూడలేదని తెలియక రెండోసారీ మిమ్మల్నే అపార్థం చేసుకున్నాను. నా అంత అనుమానపు మనిషిని వియ్యంకుడిగా భరిస్తున్నారు, మీకు నమస్కారం.

అమ్మాయి మిమ్మల్ని తిట్టిన చోటు మా ఆవిడకి పైకి చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. ఆ తర్వాత మీ రెండో సంగతికి వచ్చేసరికి తను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేనూ వెళ్ళాను. షాపు సెలవురోజున బీరువాలు దులపడానికి తాళం పట్టుకెళ్ళేది తనొక్కతే. "ఎన్నిసార్లు వేశావు?" అన్నాను.

"ఎన్నిసార్లు ఊడితే అన్నిసార్లు" అంది, గిన్నె తోముతూనే.

"నాకు చెప్పలేదేం?"

"చెబితే ఇంక అది పిల్ల వేసిన మచ్చ అవుతుందా? పొద్దున్నే మీరు దాన్ని చూసిగానీ దీపం వెయ్యరు. ఒకరోజు చూద్దును కదా, సగం రాలిపోయి ఉంది. దిగులుపడి కూర్చుంటారని కాస్త అద్దాను. అదే సీసా తర్వాత దొరకలేదు. రంగు తేడా వస్తే కనిపెట్టేస్తారేమోనని మొదట్లో భయపడ్డాను. మీరు కనిపెట్టలేదు. లోకంలో అందరి కళ్ళూ పరీక్ష చేస్తారు, ఏం లాభం!"

అదీ సంగతి బావగారూ. కూతురి గుర్తు పోయిందని నెలరోజులు మూతి ముడుచుకుని తిరిగాను. అది ఎప్పుడో రాలిపోయింది. ఇన్నేళ్ళూ పొద్దున్నే నేను చూసి సంతోషించింది మా ఆవిడ చేతిపని. పెట్టె సర్దుకుని వెళ్ళిన పిల్ల కోసం బెంగపడుతూ, పక్కనే ఉన్న మనిషి చేస్తున్నదాన్ని ఒక్కరోజు కూడా చూడలేదు. మీరు ఆ తలుపు తుడవకపోతే నేను పోయేదాకా తెలిసేది కాదు. కాబట్టి ఇకమీదట మీ నోట తప్పు అన్న మాట రాకూడదు. అన్నం తినండి.

నిన్న మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు ఇంట్లో పెట్టెలోంచి తెచ్చిన కారుని బల్ల మీద పెట్టాను. "మళ్ళీ వెయ్యి" అన్నాను తనతో. "ఇప్పుడు అందరికీ తెలిసిపోయాక ఎందుకండీ?" అంది. "తెలిసింది కాబట్టే కావాలి" అన్నాను. కాసేపు నన్నే చూసి సంచిలోంచి సీసా తీసింది. అంటే ముందే తెచ్చుకుంది. మూత తిప్పి ఆగింది. "మీరలా గుడ్లప్పగించి చూస్తుంటే నాకు చెయ్యి ఆడదు. అటు తిరగండి" అంది.

తిరిగాను.

మిగతాది తనే రాస్తానంటోంది. కాగితం తిప్పండి. గోడకి మాత్రం అంటించకండి.

మీ
కళ్ళద్దాల బావ

(కాగితం వెనక)

అన్నయ్యగారికి మీ చెల్లెలు నమస్కరించి రాయడం.

తలుపు ఎంత నున్నగా చేశారండీ! వేలు పెడితే జారిపోయింది. అంత చక్కటి పని మీద మచ్చ పెట్టడానికి నాకు మనసొప్పలేదు. అయినా పెట్టాను, పాత చోటే. కొంచెం పక్కకి పోయింది, ఏమనుకోకండి. అమ్మాయి మిమ్మల్ని తిట్టిందట, పెద్దంతరం చిన్నంతరం లేకుండా. నేను తనని మందలించాను గానీ, నిజం చెప్పాలంటే లోపల ఆనందంగానే ఉంది. వదినగారిని అడిగానని చెప్పండి. వచ్చేనెల అందరూ వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులు ఉండి వెళ్ళాలి.

ఈయన అటు తిరిగానని రాశారు కదా. తిరిగిన మాట నిజమే. కళ్ళజోళ్ళ షాపు కదండీ, ఎటు తిరిగినా అద్దమే. నేను కుంచె తీసిన దగ్గరనుంచీ రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తూ నిలబడ్డారు. నేనూ తెలియనట్టే ఊరుకుని, తలుపు మీదికి వంగి, ఆరేదాకా ఊదాను.